సైకిల్ అమ్మేయకండి, ముందు బ్రేకు పెట్టించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా నల్లగొండలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకు ఈ మధ్య ఫిక్స్‌డ్ గేర్ సైకిళ్ళ మీద మోజు పట్టుకుంది. ఫోన్‌లో వీడియోలు చూస్తున్నారు. వెనక చక్రం ఫ్రీవీల్‌ను వెల్డింగ్ షాపుకు తీసుకెళ్ళి కదలకుండా అతికించుకుంటున్నారు. బ్రేకులు రెండూ ఊడబీకి ఇంట్లో మూలకు పడేస్తున్నారు. సాయంత్రం పూట క్లాక్ టవర్ దగ్గర ఆటోల మధ్య నుంచి ఆ బండ్లమీదే దూసుకుపోతున్నారు. దెబ్బలు తగిలినవాళ్ళు ఉన్నారు. దెబ్బ తగలగానే తల్లిదండ్రులు ఆ సైకిల్‌ను తీసుకెళ్ళి పాత ఇనుప సామాన్ల వాళ్ళకు కిలో లెక్కన వేసేస్తున్నారు. పిల్లలు చేస్తున్నదీ ఆపాలి, పెద్దలు చేస్తున్నదీ ఆపాలి. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను ప్రకాశం బజార్ వైపు చిన్న సైకిల్ షాపు నడుపుతున్నాను. మా నాన్న కాలంలో అది అద్దె సైకిళ్ళ షాపు. పేరు, తండ్రి పేరు, ఊరు రిజిస్టర్‌లో రాసుకుని గంటల లెక్కన బండి ఇచ్చేవారు. ఆయన పక్కన కూర్చునే స్పోకులు అల్లడం, రిమ్ము బెండు తీయడం, పెడల్ కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను దించడం నేర్చుకున్నాను. ఆడమనిషి చేతికి గ్రీజు ఏమిటని మొదట్లో వింతగా చూసినవాళ్ళు కూడా ఇప్పుడు పిల్లల బండ్లు నా దగ్గరికే తెస్తున్నారు. వెల్డింగ్ పెట్టించుకుని పాడుచేసుకున్న హబ్‌లు, అంటే చక్రం మధ్యలో స్పోకులు పట్టి ఉండే భాగాలు కూడా చివరికి నా దగ్గరికే వస్తున్నాయి. అందుకే రాస్తున్నాను.

ఫిక్స్‌డ్ గేర్ అంటే తెలియని అమ్మానాన్నల కోసం ముందు ఆ సంగతి చెప్తాను. మామూలు సైకిల్ తొక్కడం ఆపినా బండి పోతూనే ఉంటుంది, వెనక చక్రం దగ్గర టిక్‌టిక్‌మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఫ్రీవీల్‌ది. దాని లోపల చిన్న ఇనుప నాలుకలు, వాటిని పైకి లేపే సన్నని స్ప్రింగులు ఉంటాయి. ముందుకు తొక్కితే ఆ నాలుకలు పళ్ళకు అడ్డం పడి చక్రాన్ని తిప్పుతాయి. ఆపితే పళ్ళ మీదుగా జారిపోతాయి. ఫిక్స్‌డ్ గేర్‌లో ఈ ఏర్పాటే లేదు. పళ్ళ చక్రం హబ్‌కు బిగిసిపోయి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతుంది, పెడల్ తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాల్సిందే. దిగుడులో కూడా కాలికి తీరిక ఉండదు. కాళ్ళతో వెనక్కి అదిమితే బండి నిదానిస్తుంది. ఇక గేర్లు మార్చే సరంజామా లేకుండా ఒకే పళ్ళ చక్రం, దానికి ఫ్రీవీల్ ఉంటే అది సింగిల్ స్పీడ్. మన తండ్రులు, తాతలు తొక్కిన హీరో, అట్లాస్, హెర్క్యులస్ బండ్లన్నీ సింగిల్ స్పీడ్ సైకిళ్ళే.

పిల్లల మోజును నేను తప్పుపట్టను. సైకిల్ పుట్టిందే ఇట్లా. 1885లో ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్, ఇప్పటి సైకిళ్ళన్నిటికీ మూలమైన బండి, ఫిక్స్‌డ్ బండే. ఫ్రీవీల్ బాగా వాడుకలోకి వచ్చింది 1900 ప్రాంతంలో. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో గేర్లు మార్చే యంత్రాన్ని 1937 దాకా ఒప్పుకోలేదు. అంతకుముందు ఆ పందెగాళ్ళు వెనక చక్రానికి రెండు వైపులా రెండు సైజుల పళ్ళ చక్రాలు బిగించుకుని, కొండ ఎక్కేముందు దిగి చక్రాన్ని తిప్పి పెట్టుకునేవారు. ఆల్ప్స్ కొండలు ఎక్కినవాళ్ళ పద్ధతి అది. ఫిక్స్‌డ్ తొక్కిన పిల్లవాడికి కాలు గుండ్రంగా, ఒకే తీరుగా తిప్పడం వస్తుంది. ముందున్న రోడ్డును దూరం నుంచే చూసి వేగం సర్దుకోవడం అలవాటవుతుంది. ఫోన్ చూసుకుంటూ తొక్కడం కుదరదు. ఇవన్నీ మంచివే.

కానీ బ్రేకులు లేని సైకిల్ ఎక్కడిది? వెలోడ్రోమ్‌ది. అంటే సైకిల్ పందాల కోసం కట్టిన, అంచులు పైకి లేచిన గుండ్రని ట్రాక్. అక్కడ అందరూ ఒకే దిక్కుకు పోతారు, ఎవ్వరికీ బ్రేకు ఉండదు కాబట్టి ఎవ్వరూ ఉన్నట్టుండి ఆగరు. ఎదురుగా ఆటో రాదు, బర్రె అడ్డం రాదు. ఆ ట్రాక్ మీదే 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీల్లో మణిపూర్ యువకుడు రొనాల్డో సింగ్ స్ప్రింట్‌లో రజతం గెలిచాడు. ఆ బండి ఆ చోటుకు సరిపోతుంది. అదే బండిని హైదరాబాద్ రోడ్డు మీదికి తేవడం వేరు. ఇంగ్లండ్‌లో కూడా ఫిక్స్‌డ్ బండి రోడ్డెక్కాలంటే ముందు చక్రానికి బ్రేకు ఉండి తీరాలని 1983 నుంచీ నిబంధన ఉంది. కాళ్ళతో ఆపగలం కదా అని పిల్లలు నాతో వాదిస్తారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా పట్టినా అది జారుతుందే తప్ప బండిని ఆపలేదు. పట్టు ఉన్నది ముందు చక్రానికి. ఆపే బ్రేకు అక్కడే ఉండాలి.

ఇప్పుడు వెల్డింగ్ సంగతి. తల్లిదండ్రులు, వెల్డింగ్ చేసే అన్నలు దయచేసి ఈ భాగం ఆగి చదవండి.

ఫ్రీవీల్ హబ్‌కు థ్రెడ్, అంటే మర మీద ఎక్కుతుంది. మనం ముందుకు తొక్కే కొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. అందుకే మామూలు సైకిల్‌లో ఎన్నేళ్ళయినా ఊడదు, తీయాలంటే వైస్‌కు బిగించి ఇద్దరు పట్టి తిప్పాలి. అదే ఫ్రీవీల్‌ను వెల్డింగ్‌తో అతికిస్తే, పిల్లవాడు ఆపడానికి కాళ్ళు వెనక్కి అదిమిన ప్రతిసారీ ఆ బలం థ్రెడ్‌ను విప్పే దిక్కుకు పడుతుంది. కొన్నిసార్లు పట్టు నిలుస్తుంది. ఒకరోజు వదులవుతుంది. వదిలేది ఎప్పుడు? గట్టిగా ఆపాలనుకున్నప్పుడే, అంటే ఎదురుగా ఏదో వచ్చినప్పుడే. ఆ క్షణంలో పెడల్ వెనక్కి ఉత్తగా తిరుగుతుంది, బండి ముందుకు పోతుంది, పట్టుకోవడానికి బ్రేకు ఉండదు. పైగా ఫ్రీవీల్ ఇనుము గట్టిపరచిన ఇనుము. దాన్ని మామూలుగా అతికిస్తే ఆ అతుకు దగ్గర పెళుసుబారి పగులుతుంది. పైకి అతుకు బాగానే కనిపిస్తుంది.

అసలైన ఫిక్స్‌డ్ హబ్‌కు రెండు మెట్లుగా థ్రెడ్ ఉంటుంది. లోపలి మెట్టు మీద పళ్ళ చక్రం మామూలు దిక్కుకు ఎక్కుతుంది. దాని బయటి వైపు, కొంచెం చిన్న మెట్టు మీద, లాక్ రింగు ఉల్టా థ్రెడ్‌తో, అంటే వ్యతిరేక దిక్కుకు తిప్పితే బిగిసే మరతో ఎక్కుతుంది. సైకిల్ ఎడమ పెడల్‌కు ఉండేది కూడా ఉల్టా థ్రెడ్డే, చేతితో విప్పి చూసినవాళ్ళకు తెలుస్తుంది. కాళ్ళు వెనక్కి అదిమినప్పుడు పళ్ళ చక్రం విప్పుకోవాలని చూస్తే, అదే తిరుగుడు లాక్ రింగును బిగిస్తుంది. ఒకటి వదులు కావాలంటే ఇంకొకటి ఇంకా బిగుసుకోవాలి. మొత్తం భద్రత ఈ చిన్న రింగులో ఉంది. వెల్డింగ్ బండికి అది ఉండదు. కొందరు మెకానిక్కులు పెడల్ ఇరుసు దగ్గరి రింగును తెచ్చి మామూలు హబ్‌కు బిగించి ఇదే లాక్ రింగు అంటున్నారు. దాని థ్రెడ్, పళ్ళ చక్రం థ్రెడ్ ఒకే దిక్కు. రెండూ కలిసే ఊడిపోతాయి.

పోయిన వానాకాలం ఒక పిల్లవాడు, పేరు అవసరం లేదు, మిర్యాలగూడ రోడ్డులో ఇట్లాగే పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వాళ్ళ నాన్న సైకిల్‌ను ఆటోలో వేసుకుని ఇనుప సామాన్ల దుకాణానికి పోతూ దారిలో నా షాపు దగ్గర ఆగాడు. "చెల్లె, దీనికి ఏమన్న వస్తదా?" అని అడిగాడు. హబ్ విప్పి చూపించాను. థ్రెడ్ అరిగి ఇనుప పొడి రాలుతోంది. బండి మాత్రం వాళ్ళ తాతది, 28 అంగుళాల నల్ల బండి. ఫ్రేమ్‌కు ఎక్కడా వంకర లేదు, ముందు 32, వెనక 40 స్పోకులు, ఒక్కటి కూడా తెగలేదు. "అన్నా, తప్పు బండిది కాదు, పిల్లవానిది కూడా పూర్తిగా కాదు. వానికి సరిగ్గా చేసి చూపించినవాళ్ళు లేరు" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బండి నా దగ్గరే వదిలిపెట్టి పోయాడు.

కట్టు విప్పాక పిల్లవాణ్ణి రమ్మన్నాను. కొత్త హబ్ తెప్పించాం. ఒక వైపు లాక్ రింగుతో ఫిక్స్‌డ్, ఇంకో వైపు ఫ్రీవీల్ ఎక్కేది. ఈ రకం హబ్ కొంటే చక్రం తిప్పి పెట్టుకోవడమే, రెండు బండ్లు అక్కరలేదు. పాత హబ్ కొలతకు కొత్తది తేడా ఉంటే స్పోకుల పొడవు మారుతుంది, ఇరుసు మీద వాషర్లు వేసి వెడల్పు సరిచేయాలి. ఇవన్నీ వాడితోనే చేయించాను. స్పోకులు అల్లి, రిమ్ము బ్రేకు దగ్గర నిలకడగా తిరిగేదాకా కీ తిప్పించాను. అల్లడం తొందరగానే వచ్చింది, బెండు తీయడానికే ఓపిక చాలా కావాల్సి వచ్చింది. ముందు రాడ్ బ్రేకు తిరిగి ఎక్కించి, కొత్త రబ్బర్లు వేశాం. పాత నల్ల బండి రిమ్ముకు ఈ రాడ్ బ్రేకే సరి. దాని రబ్బర్లు రిమ్ము లోపలి వైపు నొక్కుతాయి. ఇనుప రిమ్ము వానకు తడిస్తే బ్రేకు పట్టు బాగా తగ్గుతుంది కాబట్టి వానలో నిదానంగా పోవాలని కూడా చెప్పాను. ఇప్పుడా పిల్లవాడు ఫ్రీవీల్ వైపు పెట్టుకుని కాలేజీకి పోతున్నాడు. పొద్దున్నే పానగల్ చెరువు వైపు పోయేటప్పుడు మాత్రం ఫిక్స్‌డ్ వైపు తిప్పుకుంటాడు. ముందు బ్రేకు రెండింటికీ ఉంటుంది.

గేర్ల సైకిళ్ళు కొన్న పిల్లలు కూడా వస్తున్నారు, దాన్ని ఫిక్స్‌డ్ చేయమని. అక్కడ ఒక చిక్కు ఉంది. నల్ల బండికి వెనక చక్రం కూర్చునే గాడి పొడుగ్గా ఉంటుంది, చక్రాన్ని వెనక్కి లాగి చైన్ బిగించుకోవచ్చు. గేర్ల బండికి ఆ గాడి కిందికి తెరిచి ఉంటుంది, చక్రం ముందుకూ వెనక్కూ జరగదు. చైన్ వదులు తీయడానికి కప్పీ లాంటి టెన్షనర్ పెట్టాలి. సింగిల్ స్పీడ్‌కు అది సరిపోతుంది. ఫిక్స్‌డ్‌కు పనికిరాదు, ఎందుకంటే వెనక్కి అదిమినప్పుడు కింది చైన్ మీద బలం పడి టెన్షనర్ విరుగుతుంది. అట్లాంటి బండి తెస్తే సింగిల్ స్పీడ్ మాత్రమే చేసిస్తాను. డిస్క్ బ్రేకు బండ్లకు ఇంకో మార్గం ఉంది. గాడి పొడుగ్గా ఉంటే, డిస్కు బిగించే ఆరు బోల్టుల చోట పళ్ళ చక్రాన్ని బోల్టులతో ఎక్కించి చక్రాన్ని తిప్పి పెట్టవచ్చు. అక్కడ థ్రెడ్ గొడవే లేదు కాబట్టి ఊడదు. ముందు డిస్కు బ్రేకు ఎట్లాగూ ఉంటుంది.

చైన్ గురించి కూడా చెప్పాలి. ఫిక్స్‌డ్‌లో చైన్ మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి, అంతకంటే వదులుంటే ఊడి చక్రంలో ఇరుక్కుని బండిని ఉన్నపళంగా ఆపేస్తుంది. చైన్ లాక్ క్లిప్పు మూసిన కొస చైన్ నడిచే దిక్కుకు ఉండాలి. చైన్ కవర్ తీసేయొద్దు. చున్నీ, చీర కొంగు, ప్యాంటు అంచు మామూలు బండి చైన్‌లో పడితే కాళ్ళు ఆపేస్తే చైనూ ఆగుతుంది. ఫిక్స్‌డ్ బండికి అట్లా ఆగదు, బండి పోయినంతసేపూ లోపలికి లాగుతుంది. గుడ్డతో చైన్ తుడిచేటప్పుడు చక్రం తిప్పకూడదు. తిప్పితే గుడ్డతోపాటు వేలు కూడా పళ్ళలోకి పోతుంది. వేలి కొస పోగొట్టుకున్నవాళ్ళున్నారు, ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. పాదాలను పెడల్‌కు పట్టి ఉంచే పట్టీలు కూడా కావాలి, దిగుడులో పాదం జారితే తిరుగుతున్న పెడల్ పిక్క మీద కొడుతుంది.

స్కిడ్ కొట్టే, అంటే వెనక చక్రాన్ని కాళ్ళతో బిగబట్టి జారించే సరదా ఉన్న పిల్లలకు ఒక లెక్క చెప్తాను. ముందు 44 పళ్ళు, వెనక 22 పళ్ళు ఉంటే, ఎప్పుడూ అదే కాలు ముందు పెట్టి స్కిడ్ కొడితే టైరు ప్రతిసారీ ఒకే చోట నేలకు రాసుకుంటుంది. మిగతా టైరు కొత్తగానే ఉంటుంది, ఆ ఒక్క చోట దారాలు తేలతాయి. వెనక 18 ఉంటే ఆ రాపిడి తొమ్మిది చోట్లకు పంచుకుంటుంది. 17 ఉంటే పదిహేడు చోట్లకు.

పళ్ళ లెక్క ఎత్తాను కాబట్టి పెద్దవాళ్ళకు కూడా పనికొచ్చే మాట చెప్తాను. "తొక్కలేకపోతున్నాం, గేర్ల బండి కొంటాం" అని పాత బండిని అమ్మడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువ మందికి కావాల్సింది గేర్లు కాదు, వెనక ఇంకో రెండు పళ్ళు. 28 అంగుళాల బండికి ముందు 44, వెనక 18 ఉంటే పెడల్ ఒక్క చుట్టుకు బండి దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఇరవై కిలోమీటర్ల వేగం. చదును రోడ్డుకు బాగుంటుంది. వెనక 20 పెడితే చుట్టుకు ఐదు మీటర్లకు కొంచెం తక్కువ, 22 పెడితే నాలుగున్నర. ఎదురుగాలి, ఎత్తు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు ఈ తేడా చాలా పెద్దది. కల్లు కుండలు కట్టుకుని వచ్చే గౌడన్నలు, పాల క్యాన్లు వేలాడేసుకుని వచ్చేవాళ్ళు మా నాన్న దగ్గర ఎప్పుడూ పెద్ద ఫ్రీవీలే వేయించుకునేవారు. పుస్తకం చదివి కాదు, తొడలు చెప్పిన లెక్క అది. మా షాపులో ఫ్రీవీల్ మార్చడానికి రెండు వందలు దాటదు. గేర్ల బండి చైన్ సన్నగా ఉంటుంది, దుమ్ముకు త్వరగా అరుగుతుంది, గేరు మీట కుదరకపోతే ఊళ్ళో సరిచేసేవాళ్ళు దొరకరు. మన చెలకల ఎర్రదుమ్ములో, సర్కారు తుమ్మ ముళ్ళ బాటల్లో లావు చైన్, ఒకే పళ్ళ చక్రం ఉన్న బండే నిలుస్తుంది. దేవరకొండ వైపు గుట్టలకు రోజూ పోవాలంటే గేర్లు మంచివే, కాదనను. బొట్టుగూడ నుంచి రామగిరికి, చుట్టుపక్కల పల్లెల నుంచి టౌనుకు వచ్చిపోవడానికి అవసరం లేదు.

సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిల్ దినం కూడా. ఆ రోజు షాపులో చాలా బాధపడ్డాను. పాత అట్లాస్ ఫ్రేమ్‌లు ఇనుప తుక్కులోకి పోతుంటే ఇప్పటికీ అంతే బాధ కలుగుతుంది. ఆ ఫ్రేమ్ బరువే, కానీ వంగితే తిరిగి తీయవచ్చు, విరిగితే అతికించవచ్చు, ఏ ఊళ్ళో అయినా దానికి కాటర్ పిన్ను, బేరింగు గుండ్లు, రబ్బర్లు దొరుకుతాయి. తాత తొక్కిన బండిని మనవడు తన చేతులతో విప్పి కట్టుకోగలడు. ఇంట్లో ఇంకే వస్తువును అట్లా చేయగలం?

అందుకని తల్లిదండ్రులను అడుగుతున్నాను, పిల్లవాడు ఫిక్స్‌డ్ కావాలంటే సైకిల్ లాక్కోకండి. వాడితో కలిసి ఏ మంచి మెకానిక్ దగ్గరికైనా వెళ్ళండి. లాక్ రింగు ఉందా, దాని థ్రెడ్ ఉల్టా ఉందా అని మీరే అడగండి, విప్పి చూపించమనండి. ముందు బ్రేకు లేకుండా గేటు దాటనివ్వకండి. మొదట ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో నేర్చుకోనివ్వండి. వెల్డింగ్ షాపుల అన్నలు ఫ్రీవీల్ అతికించమని వచ్చిన పిల్లలను దయచేసి వెనక్కి పంపండి, యాభై రూపాయల పని కోసం ఒకరి చెయ్యి విరగకూడదు. మన ఐటీఐలో వేసవిలో కొన్ని రోజులు పిల్లలకు చక్రం అల్లడం, హబ్ విప్పి గుండ్లు మార్చడం నేర్పితే నేను వచ్చి డబ్బు తీసుకోకుండా చెప్తాను. ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్ ఉంది. వ్యాయామ ఉపాధ్యాయులు ఆసక్తి ఉన్న పిల్లలను ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళి, బ్రేకు లేని బండి ఎట్లాంటి చోట నడుస్తుందో చూపించాలి.

హబ్ మీద రెండు మెట్ల థ్రెడ్, లాక్ రింగు ఎట్లా కూర్చుంటాయో బొమ్మ గీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పక్కనే వెల్డింగ్ పెట్టిన ఫ్రీవీల్ బొమ్మ కూడా ఉంది, తేడా కనిపించేలా బాణం గుర్తులు పెట్టాను. మీ జిల్లా పేజీలో గానీ, విద్యార్థుల పేజీలో గానీ వేయండి. చోటు చాలకపోతే నా మాటలు ఎన్ని అయినా తగ్గించండి, ఆ బొమ్మలు మాత్రం తీసేయకండి.

ఇట్లు,
సైకిల్ షాపు నడిపే ఒక మహిళ,
ప్రకాశం బజార్, నల్లగొండ